తుంగపుల్లల శిలువ

ఆ జనవరిలో నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి పోస్టు డబ్బాలో ఒక చీటీ ఉంది. మేము లేనప్పుడు వచ్చిన పార్సిల్‌ను పై అంతస్తు ఆవిడకు ఇచ్చామని దాని మీద రాసి ఉంది. జర్మనీలో ఇది మామూలే. మా ఆయన ఆ చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమొచ్చిందో ఇద్దరికీ తెలుసు. పాప కోసం డిసెంబరులో ఆర్డరు పెట్టిన చిన్న మంచం అది. పాప ఏడో నెలలోనే నా కడుపులో చనిపోయింది.

మేముండేది జార్‌బ్రూకెన్‌లో. కరీంనగర్ దగ్గరి నుంచి ఇక్కడి యూనివర్సిటీకి మాస్టర్స్ చదవడానికి వచ్చాను. చదువయ్యాక ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. మా ఆయన ఉద్యోగం ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో. సోమవారం పొద్దున్నే రైలెక్కి వెళ్ళి శుక్రవారం సాయంత్రం వచ్చేవాడు. పాప పోయినప్పుడు కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. పాపను మట్టిలో పెట్టే పనంతా ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి అతనే చూసుకున్నాడు. నేను వెళ్ళలేదు. ఆడవాళ్ళు అటు పోవద్దని మా అమ్మ ఫోన్‌లో గట్టిగా చెప్పింది. నాకూ లేచి నిలబడే శక్తి లేదు. ఆ తర్వాత సోమవారం అతను మళ్ళీ రైలెక్కాడు. "నువ్వు ఓకేనా? పోవద్దంటే పోను," అని బూట్లేసుకుంటూ అడిగాడు. పొమ్మన్నాను.

బిడ్డ లేదన్న సంగతి నా ఒంటికి తెలియలేదు. రెండు మూడు రోజులకే పాలు పడ్డాయి. మందు బిళ్ళలు ఇచ్చారు గానీ వెంటనే ఆగలేదు. చన్నీళ్ళలో తడిపిన గుడ్డ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. బిడ్డ బతకకపోయినా ఇక్కడ బాలింతకిచ్చే సెలవు ఇస్తారు. ముట్టర్‌షుట్జ్ అంటారు. ఆ సెలవులో ఒళ్ళో బిడ్డ లేని తల్లి పొద్దు ఎలా పుచ్చాలో ఎవరూ చెప్పరు. మొదటి వారం మన వాళ్ళు డబ్బాల్లో పప్పు, పెరుగన్నం తెచ్చిచ్చారు. కూర్చుని, గోడవైపు చూసి, "టేక్ కేర్" అని వెళ్ళిపోయారు. తర్వాత రావడం తగ్గించారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఏం మాట్లాడాలో తెలియక రాలేదు.

పై అంతస్తులో ఉండేది ఒక ఐర్లండ్ ఆవిడ. డెబ్బై దాటింది. వయసులో ఉన్నప్పుడు ఒక జర్మన్ ఇంట్లో పిల్లలను చూసుకోవడానికి వచ్చి, ఇక్కడి అతన్నే పెళ్ళి చేసుకుని ఉండిపోయింది. ఉద్యోగమంతా ఒక కీటాలోనే. అంటే బడికెళ్ళే ఈడు రాని పిల్లలను చూసుకునే చోటు. సొంత పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మాతో ఇంగ్లీషులో మాట్లాడేది. ఆ ఇంగ్లీషు మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది.

ఒకరోజు చెత్త పడేయడానికి దిగితే మెట్ల మీద ఎదురైంది. ఎలా ఉన్నావని అడగలేదు.

"నీ పెట్టె నా దగ్గరుంది. అదేం నాకు అడ్డం కాదు. వద్దనుకుంటే ఆ ఒక్క మాట చెప్పు, తిరిగి పంపే పని నేను చూసుకుంటాను," అంది.

"పంపించేయండి," అన్నాను.

"సరే," అని రెయిలింగు పట్టుకుని మెల్లగా పైకి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ పెట్టె పోయిందని, మెట్ల మీద ఈడుస్తున్న చప్పుడును బట్టి తెలిసింది. ఆ చప్పుడు ఆగేదాకా తలుపు వెనకే నిలబడ్డాను.

జనవరి ఆఖరి రోజు మధ్యాహ్నం ఆవిడే మా తలుపు కొట్టింది. చేతిలో న్యూస్‌పేపరులో చుట్టిన పచ్చటి పుల్లల కట్ట. నీళ్ళు కారుతున్నాయి. ముందు ఉల్లికాడలనుకున్నాను. దగ్గర చూస్తే తుంగ. మా వైపు చెరువు అంచుల్లో పెరిగేదే, చాపలల్లేదే. దాన్ని జర్మనీలో, ఈ చలిలో, ఒక ముసలావిడ చేతిలో చూస్తాననుకోలేదు.

"రేపు మా బ్రిజిడ్ పండుగ. ఈ సాయంత్రమే శిలువ అల్లాలి. నా వేళ్ళు వంగడం లేదు. పైకొచ్చి అల్లిపెడతావా?"

రాలేనని చెప్పే కారణం ఏదీ దొరకలేదు. వెళ్ళాను.

వంటింట్లో బల్ల మీద పాత గుడ్డ పరిచి తుంగపుల్లలు పరిచింది. ఒక పుల్ల నిలువుగా పట్టుకోవాలి. ఇంకో పుల్లను మధ్యకు మడిచి దానికి తగిలించాలి. పావు వంతు తిప్పి మరొకటి, మళ్ళీ తిప్పి మరొకటి. తిప్పుతూ పోతే మధ్యలో చదరం పెరుగుతుంది, నాలుగు చేతులు నాలుగు వైపులకు పోతాయి. ఒక చెయ్యి మరో చేతికి ఎదురుగా రాదు, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. అల్లుతూ అల్లుతూ ఆగిపోయాను. మా ఇంట్లో దసరాకు ఇనప్పెట్టె మీద కుంకుమతో వేసే స్వస్తిక్ గుర్తొచ్చింది. ఈ దేశంలో అది హిట్లర్ గుర్తని, ఎక్కడా వేయకూడదని వచ్చిన కొత్తలోనే సీనియర్లు చెప్పారు.

ఆవిడకు నా ముఖం చూడగానే అర్థమైంది. "మా ఆయన కూడా మొదటి ఏడు ఇలాగే హడలిపోయాడు. కిటికీలో పెడితే వచ్చి తీసేశాడు. ఇది శిలువ అని నమ్మించడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది," అని నవ్వింది. నాకూ కొంచెం నవ్వొచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి.

నేను అల్లుతుంటే ఆవిడ కథ చెప్పింది. బ్రిజిడ్ తల్లి ఒక బానిస. తండ్రి ఆ తల్లిని కొనుక్కున్న దొర. కడుపుతో ఉండగానే ఆమెను ఇంకొకరికి అమ్మేశాడు. ఒకరోజు తెల్లవారుజామున పాలు పితికి, కుండ పట్టుకుని లోపలికి వస్తూ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు గడప బయట ఉండగా ఆమె ప్రసవించింది. పుట్టిన బిడ్డను ఆ పాలతోనే కడిగారట. ఆ పిల్ల పెద్దదై చేతికి దొరికిందల్లా పేదలకు పంచిపెట్టింది. మఠం కట్టుకుంటాను, నా పైవస్త్రం పరిచినంత నేల ఇవ్వమని రాజును అడిగితే, అతను నవ్వి సరేనన్నాడు. పరిస్తే ఆ వస్త్రం మైదానమంతా పాకింది. ఇంకోసారి ఒక దొర చావుబతుకుల్లో ఉన్నాడు. క్రైస్తవుడు కాదు. పిచ్చిగా అరుస్తున్నాడు. ఆమె అతని పక్కన కూర్చుని, నేల మీద పరిచిన తుంగపుల్లలు ఏరి ఊరికే అల్లడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని అతను అడిగాడు. క్రీస్తు శిలువ కథ చెబుతూ అల్లింది. అతను వింటూ నెమ్మదించి కన్నుమూశాడు. శిలువ అప్పటి నుంచి వచ్చిందట.

"అంతకు ముందు నుంచే మా దగ్గర బ్రిజిడ్ అని ఒక దేవత ఉండేదంటారు. ఫిబ్రవరి ఒకటి ఆ దేవత రోజు. మాకు వసంతం అప్పుడే మొదలు. చూడి గొర్రెలకు పాలు దిగే రోజులు," అంది.

నా చేతిలో పుల్ల ఆగింది. రొమ్ము మీది బట్ట అప్పటికీ తడిగానే ఉంది. ఆవిడ అది చూసింది. లేచి వెళ్ళి ఒక ఊలు శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పి, మళ్ళీ కూర్చుంది.

"తర్వాత చర్చి వాళ్ళు వచ్చి దేవతను సెయింటును చేశారు. ఇద్దరిలో ఎవరికి మొక్కుతున్నావని మా అమ్మను అడిగితే, ఎవరు వస్తే వాళ్ళకే అనేది. ఈ మధ్యే ఐర్లండ్‌లో ఆ పండక్కి సెలవు కూడా ఇచ్చారు. ఒక ఆడమనిషి పేరుతో సెలవు ఇవ్వడానికి ఇన్నాళ్ళు పట్టింది వాళ్ళకు."

మా దగ్గరా ఆడవాళ్ళ పండుగ ఒకటి ఉందని, దాని పేరు బతుకమ్మ అని చెప్పాను. ఆ పేరుకు అర్థమేమిటని అడిగింది. పుట్టిన పిల్లలందరూ పోతుంటే, చివరికి పుట్టిన ఆడపిల్లకు ఈమెయినా బతకాలని ఆ పేరు పెట్టారని మా నానమ్మ చెప్పేదన్నాను. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లో ఆడాను. బతుకు అమ్మా అని తల్లి బతిమాలుతున్న పేరు అది అని ఆ వంటింట్లో, ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నప్పుడే నాకు మొదటిసారి తాకింది. మాట పూర్తి చేయలేకపోయాను. ఆవిడ నా చేతిలోంచి పుల్లలు తీసుకోలేదు, ఊరుకోమనలేదు. నేను ఏడ్చి, ముక్కు తుడుచుకుని, శిలువ నాలుగు చేతుల కొసలకూ దారం కట్టాను.

పొద్దు వాలుతుండగా ఆవిడ నన్నొక సాయం అడిగింది. ఆ సాయంత్రం ఇంట్లో ఒకరు తుంగకట్ట పట్టుకుని బయటికెళ్ళి తలుపు కొట్టాలి. బ్రిజిడ్ వచ్చింది, కళ్ళు తెరిచి ఆమెను లోపలికి రానివ్వండి అనాలి. లోపలున్నవాళ్ళు రమ్మని పిలవాలి. "మా ఆయన పోయాక నేను తలుపు కొడితే లోపల నుంచి పలికేవాళ్ళు లేరు. కొట్టడం మానేశాను," అంది.

ఆవిడ మిగిలిన తుంగ తీసుకుని మెట్ల మీదికి వెళ్ళింది. నేను తలుపు వేసి లోపల నిలబడ్డాను. తలుపు చప్పుడైంది. ఆవిడ తన ఊరి భాషలో ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా నోటికి ఇంగ్లీషు రాలేదు, జర్మన్ రాలేదు.

"రా తల్లీ, రా. లోపలికి రా," అన్నాను.

ఆవిడ లోపలికొచ్చి కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

తర్వాత రెండు గుడ్డలు తెచ్చింది. పండుగ ముందు రాత్రి బ్రిజిడ్ ఇళ్ళ మీదుగా నడుస్తుందని, ఆరుబయట పెట్టిన గుడ్డను తాకుతుందని, ఆ గుడ్డకు ఏడాది పొడవునా నొప్పులు తగ్గించే గుణం ఉంటుందని వాళ్ళ నమ్మకం. కాన్పులప్పుడు తల్లి మీద కప్పేవారట. ఒకటి ఆవిడ మెడకు చుట్టుకునే స్కార్ఫు. రెండోది అరచేయంత ఫ్లానెల్ ముక్క. రెండూ బాల్కనీ తీగకు క్లిప్పులు పెట్టింది.

"ఆ చిన్నది ఎవరికి?" అని అడిగాను.

ఆవిడ కెటిల్‌లో నీళ్ళు పోసి, అది మరిగేదాకా దాని వైపే తిరిగి నిలబడింది.

"నా తర్వాత మా అమ్మకు ఒక పిల్లవాడు పుట్టాడు. ఊపిరి లేకుండా పుట్టాడు. జ్ఞానస్నానం కాలేదు కదా, చర్చి నేలలో పెట్టనివ్వరు. స్వర్గానికీ పోరు, నరకానికీ పోరు, మధ్యలో ఎక్కడో ఉండిపోతారని చెప్పేవాళ్ళు. మా నాన్న ఒక చెక్కపెట్టెలో పెట్టి పొలాల అవతలికి తీసుకెళ్ళాడు. అలాంటి పిల్లల కోసమే ఒక రాళ్ళదిబ్బ ఉండేది. అమ్మను రానివ్వలేదు. ఎక్కడో చెప్పలేదు. ఆ తర్వాత ఏటా పండుగ ముందు రోజు అమ్మ ఈ చిన్న గుడ్డ కూడా బయట వేసేది. ఎందుకని అడిగితే, వాడికి చలి వేస్తుంది కదే అనేది. ఇంకేమీ మాట్లాడేది కాదు."

"మీరెప్పుడైనా వెళ్ళారా అక్కడికి?"

"అమ్మ పోయాక వెళ్ళాను. గడ్డి, రాళ్ళు. ఏ రాయి ఎవరిదో ఎవరికి తెలుసు? నాన్న ఉండగా అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. నోరు రాలేదు." టీ నా ముందు పెట్టింది. "నీ పాప ఎక్కడుందో నీకు తెలుసా?"

ఊళ్ళోని శ్మశానంలో పిల్లలకు విడిగా ఒక చోటు ఉందని, మా ఆయన పెట్టి వచ్చాడని, నేను చూడలేదని చెప్పాను.

"చూడాలని ఉందా?"

ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఉందన్నాను.

మర్నాడు పొద్దున మా ఆయనకు ఫోన్ చేశాను. ఆఫీసులో ఉన్నాడు. పాప ఎక్కడుందో చెప్పమన్నాను.

"ఎల్లుండి నేనొస్త కదా, కలిసి పోదాం."

"ఈరోజు పోవాలనిపిస్తుంది నాకు."

"గేటు దాటినంక ఎడమకు పో. నీళ్ళ నల్ల పక్కన బిర్చ్ చెట్టుంటది. దాని కింద. నేను శుక్రవారాలు స్టేషన్ నుంచి సీదా అక్కడికే పోతున్న. అందుకే ఇంటికొచ్చేసరికి లేటైతుంది. రైలు లేటని చెప్పిన నీకు."

అవతల ఎవరో మీటింగుకు పిలుస్తున్నారు. "నువ్ పో. పోయి రా," అని పెట్టేశాడు.

తర్వాత అమ్మకు చేశాను. చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేకపోయింది.

"వద్దు బిడ్డా. పచ్చి బాలింతవు. ఆడోళ్ళు పోవద్దు అటు."

"పోతున్ననమ్మా. నీకు చెప్దామనే చేసిన." పైయింటి ఆవిడ తమ్ముడి సంగతి, ఆ చిన్న గుడ్డ సంగతి అంతా చెప్పాను.

అవతల అమ్మ లేచి తలుపు వేసి వచ్చిన చప్పుడైంది.

"నీకంటే ముందుగాల ఒక పిలగాడు పుట్టిండే," అంది.

నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో నేనే పెద్దదాన్ని.

"పుట్టినంక ఏడ్వనే లేదు. మీ నాయిన, మీ చిన్నాయిన తువ్వాలల చుట్టుకొని తీస్కపోయిండ్రు. ఏడ పెట్టిండ్రో చెప్పలే. అడిగితే మీ నాయినమ్మ కోప్పడ్డది. మల్లొకలు పుడ్తరు, మర్చిపో అన్నరు. నువ్వు పుట్టినవ్. అందరు మర్చిపోయిండ్రు."

"నువ్వో?"

"నేనెట్ల మర్చిపోత బిడ్డా?" అని, "పోయినంక నాకు ఫోన్‌ల సూపియ్యి," అంది.

బస్సులో వెళ్ళాం. ఆవిడ చేతికర్ర, నా చేతిలో శిలువ. పల్చగా మంచు పడి ఉంది. గేటు దాటి ఎడమకు తిరిగితే, పెద్దవాళ్ళ నల్లరాతి సమాధుల తర్వాత ఒక్కసారిగా రంగులు కనిపించాయి. రంగు కాగితం గాలిమరలు, పెయింటు వేసిన గులకరాళ్ళు, తడిసి బరువెక్కిన బొమ్మ కుందేలు. ఇలాంటి పిల్లలను ఇక్కడ నక్షత్ర పిల్లలంటారు. బిర్చ్ చెట్టు కింద కొత్త మట్టి. దాని మీద మా ఆయన పెట్టిన చిన్న ఇత్తడి దీపంత, మా పెళ్ళిలో వెలిగించిన ప్రమిదే. ఇంట్లో కనిపించకపోతే ఎక్కడో పడిపోయిందనుకున్నాను.

నేల మీద కూర్చుండిపోయాను. చలి తెలియలేదు. ఆవిడ వంగలేక, నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. శిలువను మట్టిలో గుచ్చి, వీడియో కాల్ చేశాను. అమ్మ తెర నిండా ముఖం పెట్టి చూసింది.

"ఇంకొంచెం కిందికి వట్టు. ఆ, గట్ల." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పక్కపొంటి ఇంకా పిల్లలున్నరు గదా బిడ్డా. ఒక్కతే లేదు."

"లేదమ్మా."

తర్వాత పైయింటి ఆవిడను చూపించాను. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ రెండు చేతులూ జోడించింది. ఆవిడ కర్రను చంకలో ఇరికించుకుని తనూ అలాగే జోడించింది. "చలిల నిలబెట్టకు పెద్దామెను. ఏమన్న తిన్నదా అడుగు," అంది అమ్మ.

శుక్రవారం నేను స్టేషన్‌కే వెళ్ళాను. మా ఆయన రైలు దిగి నన్ను చూసి ఆగిపోయాడు. ఇద్దరం అదే బస్సెక్కాం. అక్కడికి వెళ్ళాక అతను ఏడ్చాడు. పాప పోయిన రోజు కూడా నా ముందు ఏడవలేదు.

అమ్మకు మాత్రం చూడటానికి చోటు లేదు. మా నాన్న పోయి కొన్నేళ్ళయింది. నానమ్మా లేదు. ఆ చోటు తెలిసిన మనిషి చిన్నాయన ఒక్కడే. ఆయన మగ్గాల పనికి ముంబై దగ్గరి భివండి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఫోన్‌లో అడిగే మాట కాదు, వచ్చినప్పుడు అడుగుతానని అమ్మ అంది.

ఆ వేసవిలో పైయింటి ఆవిడ బాత్రూములో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ మునుపటిలా నడవలేదు. ఆఫీసు నుంచి వస్తూ రొట్టె, పాలు తెచ్చిచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఒకటే అడిగేది.

"మీ అమ్మకు తెలిసిందా?"

"చిన్నాయన ఇంకా రాలేదు."

"ఆయన వయసెంత? ఆలస్యం చేయవద్దని చెప్పు."

నవంబరులో న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పోయింది. ఐర్లండ్ నుంచి ఆవిడ మేనకోడలు వచ్చింది. భర్త పక్కనే పెట్టారు. ఫాదరు, మేనకోడలు, కీటాలో ఆవిడ చేతుల్లో పెరిగి ఇప్పుడు నడివయసుకొచ్చినవాళ్ళు కొందరు, మేమిద్దరం ఉన్నాం. మట్టి వేసేటప్పుడు నా వంతు వచ్చింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేయని పని. చేశాను.

డిసెంబరులో ఒక పెళ్ళికి చిన్నాయన ఊరొచ్చాడు. అమ్మ వంట చేసి పెట్టి, తిన్నాక అడిగిందట. ఆయన తలెత్తలేదట. మరునాడు పొద్దున ఆటో తీసుకుని తనే వచ్చి, "పా వదినా," అన్నాడట. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది. బైపాస్ రోడ్డేసిండ్రు బిడ్డా ఆడికెల్లి."

"రోడ్డా?"

"మొదలు ఆడ మక్కచేనుండెనట. గట్టు మీద తుమ్మచెట్టు కింద పెట్టిండ్రట. చెట్టు లేదు, గట్టు లేదు. మీ చిన్నాయిన అటుదిరిగి ఇటుదిరిగి, గిక్కడనే వదినా అన్నడు. ఆయినె ఏడ్సిండు పాపం. ముసలోడయిండు."

"నువ్వేం చేసినవ్?"

"ఏం జేస్త? ఒక్క పాల ప్యాకెట్ కొనుక్కపోయిన. రోడ్డు పక్కకు పోసిన. లారీలు పోతనే ఉన్నయ్. జెర్రసేపు నిలబడి వచ్చినం."

అవతల టీవీ చప్పుడు వినిపిస్తోంది. అమ్మ లేచి వెళ్ళి దాన్ని ఆపింది.

"ఏడున్నడో ఎర్కైంది. గంతే," అంది. ముక్కు చీది, గొంతు సర్దుకుంది. "మీ ఆయన వచ్చిండా? ఏం వండినవ్?"

"పప్పుచారు," అన్నాను.

"అప్పడాలు గిట్ట ఉన్నయా?"

ఉన్నాయన్నాను. వేయించుకొమ్మంది. ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టలేదు.